కోలుకున్నవారి సంఖ్య

పాలకొల్లు పట్నంలో ప్రిస్కిల్లా అంటే ఎక్కువమందికి తెలియదు. చుట్టుపక్కల పల్లెల్లో, అదీ మంచం పట్టిన మనిషి ఉన్న ఇళ్లలో మాత్రం చిన్నపిల్లలకి కూడా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. రిటైరయిన ఏడాదే భర్త ఏసుపాదంగారికి కడుపులో కేన్సరని తేలింది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు కాగితాలన్నీ చూసి, మడతపెట్టి చేతికిచ్చి, "ఇంటికి తీసుకెళ్లిపోండమ్మా" అన్నాడు. తీసుకెళ్లాక ఏం చెయ్యాలో చెప్పలేదు. నర్సు కాబట్టి ఆమెకు తెలుసు. నాలుగు నెలలు ఆయన ఒళ్లు శుభ్రంగా ఉంచింది, నొప్పి తెలియకుండా చూసింది. ఆయన పోయాక ఆమెను ఒకటే ప్రశ్న పట్టుకుంది. నర్సు లేని ఇళ్లలో ఏం చేస్తున్నారు?

వెళ్లి చూసింది. ఆ గది తలుపు వేసేస్తున్నారు. ప్రేమ లేక కాదు. వాసన భరించలేక, పుండును ఎలా ముట్టుకోవాలో తెలియక, ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయంతో.

అలా మొదలైంది. ఒక గుడ్డసంచి, దూది, చర్చిలో ఆడవాళ్లు ఉతికి ఇచ్చే పాత నూలుపంచెలు, పుండు మీద చల్లితే వాసన తగ్గించే మాత్రల పొడి. నొప్పి మందులు పాత ఆసుపత్రిలో పరిచయమున్న డాక్టరు రాసిచ్చేవాడు. రెండో ఏడు వీరదుర్గ వచ్చి చేరింది. నరసాపురం దగ్గర పల్లిపాలెం మనిషి, భర్త బోటు మీద చేపల వేటకి వెళ్తాడు. ఆమె అత్తగారికి ప్రిస్కిల్లాయే చివరిదాకా చేసింది. దినకార్యాలు అయిన మర్నాడు వీరదుర్గ బస్సెక్కి పాలకొల్లు వచ్చి, గుమ్మంలో నిలబడి, "నేనూ వస్తానండి మీతో. ఏం ఇవ్వక్కర్లేదండి" అంది. పదో తరగతి చదివిన చెయ్యి, చేపలు ఒలిచిన చెయ్యి. కట్టు కట్టడం నెల్లాళ్లలో నేర్చేసుకుంది. ఏసుపాదంగారి స్కూటీని ఆమె నడిపేది, సంచి పట్టుకుని ప్రిస్కిల్లా వెనక కూర్చునేది. రొయ్యల చెరువుల గట్ల మీదుగా అలా నాలుగేళ్లు తిరిగారు. ఆ నాలుగేళ్లలో వాళ్ల చేతుల్లో అరవై ముగ్గురు పోయారు.

అప్పటికి చూస్తున్నవాళ్లలో అప్పాయమ్మ ఒకర్తె. ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని పాలకొల్లు వీధులన్నీ తిరిగిన మనిషి. చిన్నప్పటినుంచీ చుట్ట నిప్పు నోటిలోపల పెట్టుకుని కాల్చే అలవాటు, అడ్డపొగ అంటారు. అంగిలి మీద పుండు లేచి, లోపల తినేసి, బుగ్గకి చిల్లు పడింది. మాట పోయింది. అయినా మనిషిలో హుషారు పోలేదు. వీరదుర్గ స్కూటీ నడిపే తీరును మంచం మీద కూర్చునే చేతులతో చేసి చూపించేది. కట్టు కట్టడం అయ్యాక చేపల బేరం ఆడినట్టు వేళ్లు చూపించి, ఇంత తీసుకో, కాదు ఇంతే ఇస్తా, అని ప్రిస్కిల్లాని నవ్వించేది. కూతురు మాణిక్యాంబ మార్కెట్టుకి వెళ్లి అమ్ముకొచ్చి, తల్లిని చూసుకునేది. మంగళవారం, శుక్రవారం వాళ్లింటికి వెళ్లే రోజులు.

కష్టమల్లా నీళ్ల పరుపుల దగ్గర వచ్చింది. ఉన్నవి రెండు. పుండ్లు పడకుండా ఆ పరుపు మీద పడుకోవలసిన వాళ్లు తొమ్మిదిమంది. ఒకరు పోతేగాని ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. ఒకరోజు స్కూటీ మీద వస్తూ, ఎవరు ముందు పోతారా అని తను మనసులో పేర్లు వరస పెట్టుకుంటున్నట్టు ప్రిస్కిల్లాకి తెలిసింది. తన మీద తనకే భయం వేసింది. ఆ సాయంత్రమే సురేంద్ర దగ్గరికి వెళ్లింది.

సురేంద్రకి బస్టాండు ఎదురుగా నెట్ సెంటరు ఉంది. ఊళ్లో సగం మంది దరఖాస్తులు అతనే నింపుతాడు. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ వాళ్ల ఫౌండేషన్, ఊళ్లలో సేవ చేసే చిన్న సంఘాలకు గ్రాంటు ఇస్తోందని ఆ మధ్య అతనే ఫోన్ చేసి చెప్పాడు. సంఘం ఎప్పుడో రిజిస్టరయి ఉంది, ఏసుపాదం స్మారక సేవా సంఘం అని.

"అన్నీ రాశామండి. ఊళ్లు రాశాం, ఎన్నేళ్లనుంచి చేస్తున్నారో రాశాం," అన్నాడు సురేంద్ర కంప్యూటర్ తెర ఆమెవైపు తిప్పుతూ. "ఇదిగోండి, ఈ గడి ఒకటి మిగిలింది. మీ సేవ వల్ల కోలుకున్నవారి సంఖ్య. ఎంత వెయ్యమంటారు?"

"సున్నా."

"సున్నా అంటే ఎలాగండీ?"

"నేను వెళ్లేవాళ్లెవరూ కోలుకోరు సురేంద్రా. కోలుకునేవాళ్లకి ఆసుపత్రులున్నాయి."

"నాకు తెలుసండి. మా బాబాయికి చేసింది మీరే కదండీ. చదివేవాడికి తెలియదు కదా మరి." అతను కీబోర్డు మీద వేళ్లు పెట్టాడు. "పోనీ అరవై మూడు వేసేద్దామా? బాధలోంచి కోలుకున్నట్టే కదండీ, ఒకరకంగా."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను సున్నా వేశాడు.

"ఇంకోమాటండి. కోప్పడకండి. ఏసుపాదంగారి పేరుంటే మతం తాలూకు సంఘం అనుకుంటారండి. గోదావరి ఆరోగ్య సేవా సమితి అని మార్పించేద్దాం. కాగితాలు నేను చూసుకుంటాను."

ఆమె భర్తని తలుచుకుంది. ఆయనుంటే పేరుదేముంది, పని జరగనీ అనేవాడే. అయినా ఆ సంతకం పెట్టేటప్పుడు ఆమెకు తన అక్షరాలు తనవిలా అనిపించలేదు.

ఫౌండేషన్ తరఫున సత్యవాణి అనే అమ్మాయి చూడ్డానికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. కారు రొయ్యల చెరువుల దగ్గర ఆపేసి గట్టు మీద నడుచుకుంటూ అప్పాయమ్మ ఇంటికి వచ్చింది. పుండు కడిగేటప్పుడు టార్చి పట్టుకోమని ప్రిస్కిల్లా ఆమె చేతికిచ్చింది. ఆ పిల్ల రెండు నిమిషాలు పట్టుకుని, బయటికి పరుగెత్తి, గట్టు పక్కన వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని మళ్లీ లోపలికొచ్చి, టార్చి తీసుకుని, కట్టు అయ్యేదాకా కదలకుండా నిలబడింది. అప్పాయమ్మ ఆమె గడ్డం పట్టుకుని, ఏం భయం లేదన్నట్టు తల ఊపింది.

ప్రిస్కిల్లా ఇంట్లో టీ తాగుతూ సత్యవాణి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే.

"మేడమ్, ఇవాళ చూసింది నేను జన్మలో మర్చిపోను. కానీ నేను చూశాను. బోర్డులో వాళ్లు చూడరు. వాళ్ల ముందుకు ఒక్క పేజీ వెళ్తుంది. ఆ పేజీలో సున్నా ఉంటే నేనేం చెప్పినా వినరు."

"మరి నన్నేం చెయ్యమంటారమ్మా?"

"వీళ్లని వదిలెయ్యమనట్లేదండి. దాంతోపాటు ఇంకొన్ని కలుపుదాం. మోకాళ్ల నొప్పులకి ఫిజియోథెరపీ, షుగర్, బీపీ పరీక్షలు. పక్షవాతం వచ్చి నడక నేర్చుకునేవాళ్లుంటారు. బాగుపడేవాళ్లు పేజీలో కనిపిస్తే, వాళ్ల నీడన వీళ్లకి కూడా జరిగిపోతుంది. మీకు వ్యాను వస్తుంది. ఇద్దరు నర్సులొస్తారు. పరుపులు పన్నెండు."

పరుపులు పన్నెండు అన్న మాట దగ్గర ప్రిస్కిల్లా ఆగిపోయింది. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో అబద్ధం ఏదీ లేదు. మోకాళ్ల నొప్పులు మాత్రం నొప్పులు కావా? సరేనంది.

మొదటి మూడు నెలలూ ఆమె దేవుడికి స్తోత్రం చెప్పని రోజు లేదు. తెల్లటి వ్యాను వచ్చింది, దాని మీద ఫౌండేషన్ పేరు పెద్దదిగా, సమితి పేరు చిన్నదిగా. పరుపులొచ్చాయి. అప్పాయమ్మ ఇంటికి మొదటి పరుపు వెళ్లింది. ఆ రాత్రి తల్లి ఏడాది తర్వాత తెల్లవార్లూ పడుకుందని మాణిక్యాంబ చెప్పింది. చెబుతూ వీరదుర్గ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

తర్వాత ఫోన్లో ఒక యాప్ వచ్చింది. ఎవరి దగ్గరికి వెళ్లినా ఫోటో తీసి అందులో పెట్టాలి. నెలకి మూడువందల మంది కనబడాలి. ఒక్కొక్కరి పేరు ఎదురుగా మూడు మాటల్లో ఒకటి నొక్కాలి. బాగుపడుతున్నారు, నిలకడగా ఉన్నారు, ముగిసింది. చనిపోయారని నొక్కడానికి చోటు లేదు. అప్పాయమ్మ ఫోటో రెండుసార్లు పెడితే రెండుసార్లూ తిరిగొచ్చింది, చూసేవారికి ఇబ్బంది కలిగించే ఫోటోలు వద్దని. మూడోసారి వీరదుర్గ ఆమె పాదాలు ఫోటో తీసి పెట్టింది.

మోకాళ్ల శిబిరం పెడితే ఒక్క పూటలో ఎనభైమంది వచ్చేవారు. మంచం మీద ఉన్న మనిషికి కట్టు కట్టాలంటే, వెళ్లిరావడంతో కలిపి అదే పూట పట్టేది. నెలాఖరు దగ్గరపడి సంఖ్య తక్కువైనప్పుడల్లా ప్రిస్కిల్లా ఒక మంచాన్ని వాయిదా వేసేది. ముందు శుక్రవారాలు పోయాయి. కొత్త నర్సులకి ఆ ఇళ్లకి వెళ్లడం ఇష్టం లేదు, వెళ్లినా త్వరగా వచ్చేసేవారు. తర్వాత మంగళవారాలు కూడా జారడం మొదలైంది.

"సిస్టరు గారండీ, ఇవాళ మంగళవారమండి," అనేది వీరదుర్గ.

"ఇవాళ ఆచంటలో శిబిరం ఉంది కదా దుర్గా. వచ్చే మంగళవారం తప్పకుండా వెళ్దాం."

"పోయిన మంగళవారం కూడా అదే అన్నారండి."

"నాకు తెలియదా?" అని విసుక్కుంది ఒకసారి. "సంఖ్య చూపించకపోతే అందరికీ ఆగిపోతుంది. అప్పుడు అప్పాయమ్మకి పరుపు ఎవరిస్తారు?"

పరుపు ఇచ్చేశారు కదండీ, ఆవిడ అడిగేది మిమ్మల్ని, అని వీరదుర్గ నోటిదాకా వచ్చింది. ఆ మాట తర్వాత ఎప్పుడో చెప్పింది. అప్పుడు మాత్రం, "ఆయ్, అలాగేనండి" అని వ్యానెక్కింది.

ఏడాది నిండేసరికి ఫౌండేషన్ చైర్మన్‌గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. పాలకొల్లులో కల్యాణ మండపం తీసుకున్నారు. బాగుపడినవాళ్లు నూరుమంది కుర్చీల్లో కూర్చోవాలి, వాళ్లలో ఐదుగురు మాట్లాడాలి. సత్యవాణి రెండు రోజుల ముందే వచ్చి, రంగు కాగితాలు, బ్యానర్లు, భోజనాలు అన్నీ దగ్గరుండి చూసుకుంది. ఆమెకీ నిద్ర లేదు. ఈ సభ బాగా జరిగితే ఇంకో రెండేళ్లు ఖాయమని చెప్పింది. వ్యానుని కడిగి, పూలదండ వేసి, గేటు ఎదురుగా నిలబెట్టారు. చైర్మన్‌గారు దిగగానే అదే కనబడాలి.

పదకొండున్నరకి మాణిక్యాంబ ఫోన్ చేసింది.

"సిస్టరు గారండీ, అమ్మకి బుగ్గలోంచి రక్తం వస్తందండి. గుడ్డ పెట్టినా ఆగట్లేదండి. పొద్దుట కొంచెం కొంచెం వచ్చింది, ఇప్పుడు పొంగుతుందండి."

ఆ చోట రక్తం పొంగిందంటే ఏమిటో ప్రిస్కిల్లాకి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లలో చాలాసార్లు చూసింది. దాన్ని ఎవరూ ఆపలేరు. చెయ్యగలిగింది ఒకటే ఉంది. ఎరుపు కనబడకుండా ముదురురంగు గుడ్డలు పెట్టి, మనిషిని పక్కకి తిప్పి, నొప్పి మందు నాలుక కింద వేసి, చెయ్యి పట్టుకుని కూర్చోవడం.

"ముదురురంగు దుప్పటి ఏదైనా తియ్యి. పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఆ సీసాలో మందు రెండు చుక్కలు వెయ్యి. భయపడకమ్మా, అమ్మ మొహంలోకి చూస్తూ మాట్లాడుతూ ఉండు. నేనొస్తున్నాను."

ఫోన్ పెట్టేసి చూస్తే వీరదుర్గ ఎదురుగా నిలబడి ఉంది. ఫోన్లో మాటలు విన్నది.

"వ్యాను తాళాలు ఇవ్వండి. డ్రైవరు చినబాబుని తీసుకెళ్తాను. అరగంటలో ఉంటామండి."

గేటు దగ్గర మూడు కార్లు ఆగాయి. సత్యవాణి దండ పట్టుకుని అటు పరుగెత్తుతోంది. ప్రిస్కిల్లా వ్యానువైపు చూసింది. దండ, దాని పక్కన ఎర్ర రిబ్బను, కత్తెర పెట్టిన పళ్లెం.

"ఇప్పుడు తియ్యడానికి లేదు దుర్గా. చైర్మన్‌గారు చూడాలి. ఒక్క గంట. నేనూ వస్తాను, ఇద్దరం కలిసే వెళ్దాం."

వీరదుర్గ ఆమె మొహంలోకి చూసింది. మెడలో వేలాడుతున్న ఫౌండేషన్ కార్డు తీసి కుర్చీ మీద పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మండపం వెనక దారిన రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఆపింది.

సభ రెండున్నర దాకా సాగింది. చైర్మన్‌గారు మంచిగా మాట్లాడారు. పక్షవాతం వచ్చి మళ్లీ నడిచిన ఒక రైతు వేదిక మీద ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ప్రిస్కిల్లాకి శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. ఫోటోకి నవ్వమన్నారు, నవ్వింది. ఆ మధ్యలో రెండుసార్లు ఫోన్ మోగింది. మూడోసారి మోగలేదు. మోగకపోవడం ఏమిటో కూడా ఆమెకు తెలుసు.

వ్యానులో అప్పాయమ్మ ఇంటికి చేరేసరికి నాలుగయింది. వాకిట్లో జనం ఉన్నారు. ప్రిస్కిల్లా దిగేదాకా శాలువా ఇంకా భుజం మీదే ఉందని చూసుకోలేదు. తీసి సీట్లో పడేసింది. అప్పటికే అందరూ చూశారు.

మాణిక్యాంబ లేచి, పక్కింటినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, పైట కొంగుతో తుడిచి వేసింది.

"కూర్చోండి సిస్టరు గారండీ. ఎండలో వచ్చారు."

"ఎప్పుడమ్మా?"

"పన్నెండుంబావుకండి. దుర్గమ్మ వచ్చేసరికి ఇంకా వెచ్చగానే ఉందండి."

వీరదుర్గ లోపల ఉంది. అప్పాయమ్మకి నీళ్లు పోసి, మొహానికి కట్టు మార్చి, చీర కట్టింది. తలుపులోంచి ప్రిస్కిల్లాని చూసి మళ్లీ తన పనిలో పడింది.

"మీరు వస్తారని ప్రతి మంగళవారం తెల్లారగానే తయారైపోయేదండి," అంది మాణిక్యాంబ. నిష్ఠూరంగా కాదు, చనిపోయిన మనిషి గురించి చెప్పుకునే మామూలు కబురులాగే చెప్పింది. "నేను మార్కెట్టుకి వెళ్లకముందే నీళ్లు పొయ్యమని సైగ చేసేది. మంచం గుమ్మం దగ్గరికి లాగమనేది, రోడ్డు కనబడాలని. ఆరు మంగళవారాలండి. రారేమో అమ్మా, పెద్ద పనుల్లో ఉన్నారు అంటే, చేతులూపి నా మీద కసురుకునేది. మీ గురించి పేపర్లో పడిందని మా మరిది చదివాడండి. ఆ ముక్క చింపి తలగడ కింద పెట్టుకుంది."

ప్రిస్కిల్లా ఇన్నేళ్ల సేవలో ఏనాడూ ఏడవలేదు. రోగుల ముందు ఏడవకూడదని ఆసుపత్రిలో నేర్పారు. ఇప్పుడు ఏడవాలని ఉంది. ఆ ఇంట్లో ఏడ్చే హక్కు తనకి ఉందో లేదో తెలియలేదు.

బయలుదేరేటప్పుడు ఇద్దరు మగవాళ్లు నీళ్ల పరుపు మోసుకొచ్చి వ్యాను దగ్గర పెట్టారు. కడిగి, ఆరబెట్టి, తాడుతో చుట్టకట్టి ఉంది.

"ఇంకెవరికైనా పనికొస్తదండి," అంది మాణిక్యాంబ. "శుభ్రంగానే కడిగామండి."

వీరదుర్గ వ్యానెక్కలేదు. మర్నాడు ఆఫీసుకి రాలేదు. మూడో రోజు ప్రిస్కిల్లాయే నరసాపురం వెళ్లింది.

"కోపం కాదండి," అంది వీరదుర్గ. పొయ్యిలో బూడిద ఎత్తుతూ, తలెత్తకుండా మాట్లాడింది. "నాకు ఈ పని నేర్పింది మీరు. మా అత్తగారి కాళ్ల దగ్గర మీరు కూర్చున్నది నేను మర్చిపోలేను. కానీ ఆ రోజు మీరు వ్యానువైపు చూశారు చూడండి, అది కూడా మర్చిపోలేనండి. నా మానాన నేను వెళ్తాను. బస్సుల్లో ఎన్నిళ్లు అయితే అన్నిళ్లు."

"జీతం లేకుండా ఎలా చేస్తావ్?"

"ముందు జీతానికి వచ్చానేంటండీ?"

ప్రిస్కిల్లా అదే రోజు రాజీనామా చేసి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. చెయ్యలేదు. ఇద్దరు నర్సులు, ఒక డ్రైవరు ఆమెను నమ్ముకుని ఉన్నారు. తను వదిలేస్తే పన్నెండు పరుపులూ పోతాయి. ఇలా ఆమె తనకి తాను చాలా చెప్పుకుంది. అన్నీ నిజాలే. అప్పాయమ్మ పేరు ఎదురుగా 'ముగిసింది' అన్నది నొక్కి, ఆ నెల శిబిరాలు పూర్తిచేసింది.

ఖాయమన్న రెండేళ్లు రాలేదు. సభ అయిన ఐదో నెలలో ఒక ఉత్తరం వచ్చింది. ఫౌండేషన్ వచ్చే ఏడాదినుంచి ఆరోగ్యం వదిలి, బడుల్లో డిజిటల్ క్లాసురూములు చేపడుతోందని, సమితి చేసిన అద్భుతమైన కృషికి ధన్యవాదాలని. సత్యవాణికి ఫోన్ చేస్తే ఆమె అప్పటికే ఉద్యోగం మారిపోయింది. "సారీ మేడమ్. నేను చాలా కొట్లాడాను. మనం చూపించిన సంఖ్యలు వాళ్లకి చాలా నచ్చాయండి. ఇక్కడ పని అయిపోయింది, అందరూ బాగుపడ్డారు, ఇంకోచోటికి వెళ్దాం అన్నారు," అంది. గొంతులో నిజంగానే బాధ ఉంది. ఒప్పందం ప్రకారం వ్యాను వాళ్లది. ఇద్దరు మనుషులు హైదరాబాదునుంచి వచ్చి తీసుకెళ్లారు. పరుపులు కూడా ఆస్తి జాబితాలో ఉన్నాయి. మంచాల మీద మనుషులున్నారు, వాళ్ల కిందినుంచి ఎలా లాగుతారండీ అంటే, వాళ్లు ఎవరికో ఫోన్ చేసి, వాడకంలో ఉన్న నాలుగూ వదిలేసి, గదిలో ఉన్నవి వ్యానులో వేసుకుని పోయారు.

నెల తిరక్కుండా సురేంద్ర ఇంటికి వచ్చాడు. కొత్త గ్రాంటు ఒకటి ఉందట.

"వీళ్లకి సంఖ్యలు అక్కర్లేదండి. ఒక మనిషి కథ కావాలిట. మనసు కరిగేలా ఉండాలి. నేను అప్పాయమ్మగారి గురించి కొంచెం రాసుకొచ్చానండి, వినండి." ఫోన్ తీసి చదివాడు. చేపల గంప, చుట్ట, పుండు, నీళ్ల పరుపు. చివర్లో, "ఆమె తుదిశ్వాస వరకు మా సంస్థ ఆమె చెయ్యి వదలలేదు" అని ఉంది.

"ఆ చివరి మాట తీసెయ్యి," అంది ప్రిస్కిల్లా.

"అదే కదండీ అసలు మాట. అది లేకపోతే ఎవరిస్తారండీ?"

"ఎవరూ ఇవ్వరు. మొత్తం తీసెయ్యి సురేంద్రా. ఆవిడ పేరు ఎక్కడా రాయకు."

అతను నొచ్చుకున్నాడు. మీ మంచికే కదండీ అన్నాడు. టీ తాగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె నరసాపురం బస్సెక్కింది. వీరదుర్గ ఇంటి దగ్గర దిగేసరికి ఆమె భుజాన సంచి తగిలించుకుని బయటికి వస్తోంది. బక్కచిక్కింది.

"నేనూ వస్తాను దుర్గా. ఏం ఇవ్వక్కర్లేదు," అంది ప్రిస్కిల్లా.

వీరదుర్గ రమ్మనలేదు, వద్దనలేదు. మొగల్తూరు బస్సు రాగానే ఎక్కింది. ప్రిస్కిల్లా వెనక ఎక్కింది. పక్కన చోటున్నా వీరదుర్గ సంచి అక్కడ పెట్టుకుంది. ప్రిస్కిల్లా వెనక సీట్లో కూర్చుంది.

ఆ ఊళ్లో బుల్లియ్య అనే ముసలాయన. వేటలో నడుం విరిగి ఏడాదిగా మంచం మీద ఉన్నాడు, వీపు మీద పిడికిలంత పుండు. ఆయన భార్య గుమ్మంలో ఎదురొచ్చి, వీరదుర్గ చేతిలో సంచి అందుకుని, వెనకనున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"వ్యానులో వచ్చేవారు కదండీ మీరు? మా అన్నయ్యగారికి కట్టు కట్టడానికి వస్తామని పేరు రాసుకెళ్లారు. మళ్లీ రాలేదండి."

వీరదుర్గ చెప్పులు విప్పుకుంటోంది. తలెత్తలేదు. ఆమె ఏదైనా అంటుందేమోనని ప్రిస్కిల్లా ఒక్క క్షణం చూసింది.

"అవునమ్మా. రాలేదు," అంది.

"ఆయన పోయాడండి."

"ఆయన పేరేంటమ్మా?"

ముసలావిడ పేరు చెప్పింది. ప్రిస్కిల్లాకి ఆ పేరు గుర్తుకు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు. ఆ మాట కూడా ఆవిడకి చెప్పింది. ముసలావిడ లోపలికి వెళ్లి, వేడినీళ్ల గిన్నె తెచ్చి వీరదుర్గ ముందు పెట్టింది. వీరదుర్గ మోకాళ్ల మీద కూర్చుని పాత కట్టు తడిపి, మెల్లిగా ఊడదీయడం మొదలుపెట్టింది. ప్రిస్కిల్లా బయట కుళాయి దగ్గర మోచేతులదాకా సబ్బు రాసుకుని కడుక్కుని వచ్చి, మంచం అవతలివైపు నిలబడింది. చాలాసేపటికి, ముసలాయన్ని పక్కకి తిప్పవలసి వచ్చినప్పుడు, వీరదుర్గ ఆమెవైపు చూడకుండానే అంది:

"ఆ భుజం పట్టుకోండి."